ఏడో నంబరు మంచం మీది దీపం గారికి

మహారాజశ్రీ, ఫాల్స్ సీలింగ్‌లో కొలువుదీరిన ఎల్ఈడీ దీపం గారి సముఖానికి, ఏడో నంబరు మంచం అటెండెంటు నమస్కరించి రాయునది. తమరి క్షేమం నాకు తెలుస్తూనే ఉన్నది. మూడు రాత్రులుగా తమరిని ఎవరూ క్షణమైనా ఆర్పలేదు.

పిత్తాశయం ఆపరేషన్ చేయించుకుని వెల్లకిలా పడుకున్న మా అమ్మ కళ్లకు సరిగ్గా ఎదురుగా తమరు వేంచేసి ఉన్నారు. నిన్న రాత్రి ఒంటిగంటకు, రెండింటికి, మళ్లీ రెండున్నరకు ఆమె ముఖం మీది తువ్వాలు తొలగించి, "తెల్లారిందా నాయనా?" అని అడిగింది. కాస్త ఆర్పమని సిస్టర్ గారిని వేడుకుంటే, "ఒరే స్విచ్, సార్" అన్నారు. వరుసలోని ఆరు మంచాలకూ ఒకటే స్విచ్ అని ఆమె తమిళంలో చెబుతున్నట్టు చెన్నైలో పదిహేనేళ్లుగా ఉంటున్న నాకు అర్థమైంది గానీ, మొన్ననే నెల్లూరు నుంచి వచ్చిన అమ్మ మాత్రం, "నిన్ను పట్టుకుని ఒరే అంటుందేమిట్రా ఆ పిల్ల!" అంటూ కుట్లు లాగుతున్నా లేవబోయింది.

పొద్దున రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు గారు "నిద్రే అసలు మందమ్మా" అని చెప్పి, తమరిని ఆర్పించే బదులు నిద్రమాత్ర రాసి వెళ్లారు.

ఫిన్లాండ్‌లో 1933లో పూర్తయిన పైమియో క్షయ ఆసుపత్రిని కట్టిన వాస్తుశిల్పి ఆల్వార్ ఆల్టో, మంచం పట్టినవాడు రోజంతా చూసేది పైకప్పునే అని గ్రహించి, దానికి కళ్లకు హాయినిచ్చే రంగు వేయించి, దీపాన్ని రోగి చూపుకు తగలని చోట పెట్టించాడు. బేసిన్‌లో నీళ్లు పడే చప్పుడును కూడా తగ్గించాడు. అంతదూరం ఎందుకు, ఇక్కడి తాంబరంలోనే 1928లో డాక్టర్ చౌరీ ముత్తు గారు గాలీ వెలుతురూ వైద్యంలో భాగమని నమ్మి క్షయరోగులకు శానిటోరియం పెట్టారు. తమరిని ఇక్కడ బిగించినవారు ఒక్క పది నిమిషాలు ఈ మంచం మీద పడుకుని చూడవలసింది.

అమెరికాలో రోజర్ ఉల్రిచ్ 1984లో ప్రచురించిన అధ్యయనం కూడా పిత్తాశయం ఆపరేషన్ల గురించే. కిటికీలోంచి చెట్లు కనిపించిన 23 మంది, ఇటుకగోడ కనిపించిన 23 మంది కంటే త్వరగా ఇంటికి వెళ్లారు. ఘాటైన నొప్పి మందులూ తక్కువే వాడారు. మా వార్డుకు ఆ ఇటుకగోడ భాగ్యం కూడా లేదు. ఉన్న ఒక్క కిటికీకీ హెల్త్ చెకప్ ప్యాకేజీ స్టిక్కర్ అంటించారు, వీధిలో పోయేవాళ్లు చదువుకోవడానికి. కింద లాబీలో మాత్రం జలపాతం పారుతోంది. అక్కడ రోగులెవరూ పడుకోరు.

ఇక మర్యాద చాలు. గ్లౌజులకు ఇంత, దూదికి ఇంత అని విడివిడిగా లెక్కకట్టే మీవాళ్లకు మంచానికో స్విచ్ పెట్టాలని తోచలేదా? పెట్టి, దాన్నీ బిల్లులో వేసుకోండి. నోరెత్తకుండా కడతాను.

ఇవాళ తెల్లవారుజామున కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేలోగా కొన్ని సెకన్లు ఆరు మంచాల మీదా చీకటి పరుచుకుంది. అమ్మ తువ్వాలు తీసి పక్కన పెట్టి, "అమ్మయ్య" అన్నది. ఆ మాట పూర్తవుతుండగానే తమరు మళ్లీ వేంచేశారు.

ఇట్లు,
ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న అటెండెంటు