అక్షాంశం సరే, రేఖాంశం మాటేమిటి?
రాళ్లలోని అయస్కాంతత్వం ఒకప్పటి ఖండాల స్థానాన్ని కచ్చితంగా చెప్పేస్తుందన్న వ్యాసకర్త మాటతో పూర్తిగా ఏకీభవించలేను. లావా చల్లారేటప్పుడు అందులోని మాగ్నటైట్ వంటి ఖనిజాల రేణువులు అప్పటి భూ అయస్కాంత క్షేత్రం దిశను పట్టి ఉంచుకుంటాయి. ఆ దిశ నేలకు ఎంత వాలి ఉందో దాన్ని బట్టి అక్షాంశం తెలుస్తుంది, రేఖాంశం మాత్రం తెలియదు. హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో వికారాబాద్ వైపు వెళ్లి, దక్కన్ లావా చల్లారి ఏర్పడిన నల్లరాతిలో రంధ్రం వేసి వేలెడంత ముక్కలు తీసేవాళ్లం. ముక్కను విరిచి పైకి లాగకముందే దాని మీద దిక్కు గీత గీయాలి. ఆ గీత చెరిగిందా, ఎండలో పడిన శ్రమంతా వృథా! దక్కన్ లావా పొంగిన సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం మన నేల భూమధ్యరేఖకు దక్షిణాన, దాదాపు 30 డిగ్రీల దగ్గర ఉండేదని ఇలాంటి ముక్కలే తేల్చాయి. తూర్పు పడమరల లెక్కకు సముద్రగర్భపు రాళ్లలో అయస్కాంత దిశ ఒకదాని పక్కన ఒకటి తారుమారవుతూ కనిపించే చారల వంటి వేరే ఆధారాలు కావాలి.