పీఆర్వో కంటే ముందు కౌన్సిలర్ రావాలి

పదో తరగతి పరీక్షలు ముగియకముందే ప్రైవేటు జూనియర్ కాలేజీల పీఆర్వోలు పల్లెల్లో తిరగడం మొదలుపెడతారు. అరుగు మీద కూర్చుని 'మీ వాడిని ఎంపీసీలో చేర్చండి, ఫీజు తగ్గిస్తాం' అంటారు. బిడ్డ చదువు గురించి ఆ తల్లిదండ్రులతో తీరిగ్గా మాట్లాడిన మొదటి మనిషి చాలా ఇళ్లలో ఆ పీఆర్వోనే. సీట్లు నింపడం అతని ఉద్యోగం, అతన్ని తప్పుపట్టలేం. పిల్లల పక్షాన ఆలోచించి చెప్పే మనిషి, అంటే విద్యార్థులకు దారి చూపే కౌన్సిలర్, మాత్రం చాలా సర్కారు బడుల్లో లేడు.

ఆ లోటు ఎంత ఖరీదైనదో చూడండి. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ (జాతీయ ప్రతిభా స్కాలర్‌షిప్) పరీక్ష నెగ్గిన పేద విద్యార్థికి తొమ్మిది నుంచి ఇంటర్ వరకు ఏటా 12,000 రూపాయల స్కాలర్‌షిప్ వస్తుంది. ఏటా రెన్యువల్ చేయించుకోకపోతే ఆగిపోతుంది. ఇంటర్‌కు ప్రైవేటు కాలేజీలో చేరినా పోతుంది. కాలేజీలో చేర్చే కాగితంపై సంతకం పెట్టే రోజున ఈ ముక్క తండ్రికి ఎవరు చెబుతారు? పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేస్తే, ఈసెట్ అనే మరో ప్రవేశ పరీక్షతో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. పదో తరగతి మార్కులతోనే బాసర, నూజివీడు లాంటి ట్రిపుల్ ఐటీల్లో సీటు వస్తుంది, ప్రభుత్వ బడి పిల్లలకు అక్కడ అదనపు స్కోరు కూడా కలుపుతారు. వ్యవసాయ బీఎస్సీలో రైతు కుటుంబాల పిల్లలకు కోటా ఉంది. పల్లె పిల్లల కోసమే ఉన్న ఈ దారులు పల్లె పిల్లలకే తెలియకుండా పోతున్నాయి.

ఉపాధ్యాయులు చెప్పడం లేదని మేము అనం. ఎందరో సొంత డబ్బుతో దరఖాస్తులు నింపిస్తున్నారు. కానీ సిలబస్, యాప్‌లలో హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కల మధ్య ఒక్కో పిల్లతో అరగంట కూర్చునే తీరిక వారికి దొరకదు.

ఆడపిల్లల విషయంలో ఈ అరగంటకు ఇంకా విలువ ఉంది. అక్కడ ప్రశ్న ఏ గ్రూపు అని కాదు, అసలు పంపుతారా లేదా అని. కాలేజీకి బస్సు ఉందా, హాస్టల్‌లో సీటు దొరుకుతుందా, పెళ్లి సంబంధం చూస్తున్నారా? ఇవన్నీ తెలుసుకుని తల్లితో మాట్లాడాల్సింది పదో తరగతి ఫలితాల రోజున కాదు, తొమ్మిదిలో ఉన్నప్పుడే.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో తీర్పు ఇచ్చింది. వంద మంది లేదా అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సిలర్‌ను, సైకాలజిస్టును లేదా సోషల్ వర్కర్‌ను పెట్టుకోవాలని చెప్పింది. చిన్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధం పెట్టుకుంటే చాలంది. మానసిక ఆరోగ్యం కోసం వచ్చిన తీర్పే అయినా, పదహారేళ్ల పిల్లల టెన్షన్‌లో సగం 'తర్వాత ఏం చదవాలి' అన్నదే. రెంటినీ వేరుచేసి చూడలేం.

కాబట్టి రెండు తెలుగు ప్రభుత్వాలను మేము కోరేది ఇది. పెద్ద హైస్కూలుకు ఒకరు, చిన్న బడులన్నిటికీ కలిపి మండలానికి ఒకరు చొప్పున కౌన్సిలర్లను రెగ్యులర్ పోస్టుల్లో నియమించండి. ఏడాదికోసారి మారిపోయే ఔట్‌సోర్సింగ్ మనిషికి పిల్లలు మనసు విప్పరు. మన విశ్వవిద్యాలయాల్లో సైకాలజీ, సోషల్ వర్క్ చదివి ఖాళీగా ఉన్న పల్లె యువత ఎందరో ఉన్నారు, వారికి అవకాశమివ్వండి. వచ్చే వేసవిలో పీఆర్వో తలుపు తట్టే నాటికి, కౌన్సిలర్ ఆ ఇంటికి రెండుసార్లు వెళ్లొచ్చి ఉండాలి.