నాణెం మీద ఒట్టో, పాలనలో లూయిట్‌పోల్డ్

1900 ప్రాంతంలో దక్షిణ జర్మనీలోని బవేరియా రాజ్యంలో చేతులు మారిన రెండు మార్కుల వెండి నాణెం చూడండి. దాని మీద ఉన్నది ఒట్టో ముఖం, చుట్టూ ‘బవేరియా రాజు’ అన్న అక్షరాలు. ఆ రాజు ఒక్కరోజు కూడా పాలించలేదు. మతి చలించి, మ్యూనిక్ పక్కనే ఫ్యూర్‌స్టెన్‌రీడ్ కోటలో కాపలా మధ్య బతికాడు. 26 ఏళ్లు రాజ్యం నడిపింది ఆయన బాబాయి, ప్రిన్స్ రీజెంట్ (అంటే రాజు బదులు పాలించే రాజకుటుంబీకుడు) లూయిట్‌పోల్డ్.

భరతుడు గుర్తొస్తాడు నిజమే. కానీ పాదుకలు రాముడే ఇచ్చాడు. లూయిట్‌పోల్డ్‌కు అధికారం వచ్చిన దారి వేరు.

1886లో రాజు ఒట్టో కాదు, అతని అన్న రెండో లుడ్విగ్. కోటల మీద కోటలు కట్టి కోట్ల మార్కుల అప్పులో కూరుకుపోయాడు. తమను తీసేస్తాడేమోనని మంత్రులకు భయం. ఏడాదికి మించి రాజు పాలించలేని స్థితిలో ఉంటే రీజెంట్‌ను పెట్టుకోవచ్చని అప్పటి 1818 రాజ్యాంగం చెప్పింది. అందుకు కావలసిన కాగితాన్ని గుడెన్ అనే మానసిక వైద్యుడు మరో ముగ్గురితో కలిసి జూన్ 8న రాసిచ్చాడు. రాజును కూర్చోబెట్టి పరీక్షించలేదు. నౌకర్లు, కొలువువాళ్లు చెప్పిన మాటలే ఆధారం. 10న లూయిట్‌పోల్డ్ రీజెంట్ అయ్యాడు, చట్టసభ ఆమోదం ఆ తర్వాతే వచ్చింది. 13 రాత్రి స్టార్న్‌బర్గ్ సరస్సులో రాజు శవం, గుడెన్ శవం దొరికాయి. రాజు పేరు ఒట్టోకు వచ్చింది, రీజెంట్‌గా లూయిట్‌పోల్డే కొనసాగాడు. ఆ చావుకు లూయిట్‌పోల్డ్‌ను దోషి అనలేం. కానీ రోగిని చూడకుండా రాసిన నివేదిక మీద అధికారం అందుకోవడం తప్పే. తర్వాత ఎంత బాగా పాలించినా ఆ తప్పు మాసిపోదు.

బాగా పాలించాడన్నదీ నిజమే. అప్పటికే 65 ఏళ్ల మనిషి. ఆర్భాటం లేదు, వేట అంటే ప్రాణం, పొద్దున్నే చిత్రకారుల స్టూడియోలకు వెళ్లి పలకరించేవాడు. పాత మంత్రులను మార్చలేదు, తమవాళ్లకు పదవులొస్తాయని కేథలిక్ పార్టీ ఎంత ఆశపెట్టుకున్నా సరే. మ్యూనిక్ కళానగరంగా వెలిగింది ఆయన కాలంలోనే. 1906లో చట్టసభకు ప్రత్యక్ష ఎన్నికలు వచ్చాయి. లుడ్విగ్ కట్టించిన నోయిష్వాన్‌స్టైన్ కోటను, అతను పోయి రెండు నెలలైనా నిండకముందే, టికెట్ పెట్టి జనానికి తెరిచారు. నాకు ఇది మింగుడుపడదు, అప్పు తీరాలన్న లెక్క అర్థమైనా.

ఇక కిరీటం. ఒట్టోను తప్పించి తానే రాజు కావడానికి ఆయన ఏనాడూ ఒప్పుకోలేదు. ఈ ఒక్క విషయంలో ఆయన్ను మనసారా గౌరవిస్తాను. 1911లో 90వ పుట్టినరోజుకు వేసిన నాణెం మీద మొదటిసారి ఆయన ముఖం వచ్చింది. పేరు పక్కన ‘ప్రిన్స్ రీజెంట్’ అనే ఉంది. 1912 డిసెంబరు 12న చనిపోయాడు. ఏడాది తిరక్కుండానే రాజ్యాంగం సవరించి ఆయన కొడుకు లుడ్విగ్ రాజయ్యాడు. 1914 నాణేల మీద మూడో లుడ్విగ్ రాజు. ఒట్టో ఇంకా ఫ్యూర్‌స్టెన్‌రీడ్‌లోనే బతికి ఉన్నాడు.