పెరుగన్నం ముట్టని పిల్లిపిల్లపై అభియోగపత్రం

పిల్లలు పెద్దల మాట వినడం లేదని బాధపడే రోజులు పోయాయి. ఇప్పుడు పిల్లిపిల్లలు కూడా వినడం లేదు. అట్టపెట్టెలో ఇంటికి వచ్చిన అరచేతిలో ఇమిడే ప్రాణి, వారం తిరగకముందే వంశాచారాన్ని ధిక్కరిస్తోంది. చిక్కటి గేదెపాలు పోస్తే కడుపు చెడగొట్టుకుంటుంది. మీగడ పెరుగు కలిపిన అన్నం పెడితే వాసన చూసి, పంజాతో నేల గోకి, కప్పెట్టవలసిన పదార్థమేదో అక్కడ ఉన్నట్టు అభినయిస్తుంది. ముద్దు చేయబోయిన వేలిని కొరుకుతుంది. సమాజ శ్రేయస్సు దృష్ట్యా విచారణ జరగవలసిందే.

ముందుగా పాల సంగతి. ఎలుకల బెడద తీర్చడానికి కృష్ణదేవరాయలు ఇంటికో పిల్లిని, దాని పాల కోసం ఒక ఆవును ఇప్పించాడని కథ చెప్పుకుంటాం. తెనాలి రామకృష్ణుడు మొదటి రోజే సలసల కాగే పాలు పెట్టి పిల్లి మూతి కాల్చాడు. ఆ తర్వాత అది పాలగిన్నె చూస్తేనే పరుగు. ఆవుపాలు కవిగారి ఇంటిల్లిపాదికీ సరిపోయాయి. ఇన్నాళ్లూ దీన్ని వికటకవి కొంటెతనంగానే చదువుకున్నాం. కానీ తల్లిపాలు మానే వయసు దాటాక చాలా పిల్లులకు పాలలోని లాక్టోజ్ అనే చక్కెర అరగదనీ, ఆవుపాలు, గేదెపాలు పోస్తే విరేచనాలై ఒంట్లో నీరంతా పోతుందనీ పశువైద్యులు చెబుతున్నారు. మూతి కాల్చిన పాపం ఒక్కటి పక్కన పెడితే, విజయనగరం మొత్తం మీద శాస్త్రీయంగా పెరిగిన పిల్లి అదొక్కటే. మిగతావాటి ఆరోగ్యం గురించి కథకులు ఎందుకు మౌనం వహించారో ఊహించుకోవచ్చు.

ఇక పెరుగన్నం. 'మా పిల్లి నీచు ముట్టదండీ' అని చెప్పేటప్పుడు కొందరి ముఖాల్లో కనిపించే వెలుగు, కొడుకుకు మెడిసిన్‌లో సీటు వచ్చినప్పుడు కూడా కనిపించదు. ఆ సాత్విక మార్జాలం మధ్యాహ్నం వేళ వీధి చివర చేపలు శుభ్రం చేసేచోట ఎందుకు హాజరవుతుందని అడగడం మర్యాద కాదు. పిల్లికి టౌరిన్ అనే పదార్థం కావాలి. దాన్ని చాలినంతగా తన ఒంట్లో తయారుచేసుకోలేదు. అది దొరికేది మాంసంలో, చేపల్లో. చాలాకాలం అందకపోతే కంటిచూపు పోవచ్చు, గుండె బలహీనపడవచ్చు. పైగా పిల్లి నాలుకకు తీపి తెలియదు కాబట్టి, పండగపూట దాని ముందు పెట్టిన పరమాన్నం గౌరవ సూచకమే తప్ప భోజనం కాదు.

మాంసాహారుల ఇళ్లు ఇది చదివి మీసం మెలేయనక్కర్లేదు. వాళ్లు పెట్టేది కోడికూర పులుసు కలిపిన అన్నం. అందులోని ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఉత్తి నీళ్లలో ఉడికించి, ఎముక తీసిన ముక్క పెట్టమంటే, ఉప్పూకారం లేని తిండి శత్రువుకైనా పెట్టలేమంటారు.

శాకాహార గృహాల్లో చివరికి రాజీ కుదిరేది బజారులో దొరికే పొట్లంతో. దానికి 'బిస్కెట్లు' అని పేరు పెట్టి, వంటింటి గడప దాటనివ్వకుండా బాల్కనీలో చెప్పుల అర మీద ఉంచుతారు. పొట్లం వెనక సన్నటి అక్షరాల్లో ఏముందో చదవడం కుటుంబ శాంతికి భంగకరం. ఆరు నెలల వయసు వరకు రోజుకు మూడు నాలుగుసార్లు, కొంచెం కొంచెంగా పెట్టాలన్నది నియమం. పిల్లిపిల్ల దీన్ని మనిషికి నాలుగుసార్లని సవరించుకుంది. తాతగారు పెట్టింది కోడలికి తెలియదు, కోడలు పెట్టింది మనవడికి తెలియదు. ప్రతి ఒక్కరి ముందూ అది పుట్టి బుద్ధెరిగాక తిండి ముఖం చూడలేదన్నట్టే సాక్ష్యం చెబుతుంది.

అసలు నేరం కొరకడం. తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య కనీసం ఎనిమిది వారాలైనా పెరిగితే ఎంత గట్టిగా కొరకకూడదో వాటినుంచే నేర్చుకుంటుంది. గట్టిగా కొరికితే అవతలిది కీచుమని అరిచి ఆట మానేస్తుంది. మనం నెల నిండకుండానే ఆ బడి మాన్పించి తెచ్చుకుంటాం. ఆపైన ఇంటి పెద్దమనిషి దాని ముక్కు ముందు వేళ్లు ఆడిస్తాడు. దుప్పటి కింద బొటనవేలు కదిలిస్తాడు. అది దూకి కొరికితే ఇంటిల్లిపాదీ నవ్వి, వీడియో తీసి బంధువుల వాట్సాప్ గుంపులో పెడతారు. ఇంతలో దాని 26 పాలపళ్లు ఊడి, ఆరు నెలలకల్లా 30 గట్టి పళ్లు వస్తాయి. అప్పుడు అదే ఆట నేరమవుతుంది. చట్టం మారిందని ముద్దాయికి ఎవరూ చెప్పరు. ముక్కు మీద చిటికె వేయడం, చీపురు చూపడం వంటి శిక్షల వల్ల దానికి అర్థమయ్యేది ఒక్కటే: చెయ్యి తిరగబడే రకం ఎర అని.

పనిచేసే వైద్యం చాలా నీరసమైనది. కొరికినప్పుడు చెయ్యి లాక్కోకూడదు, లాగితే ఎర పారిపోతోందనుకుంటుంది. కదలకుండా ఉండి, వదిలాక మాట్లాడకుండా లేచి వెళ్లిపోవాలి. గొడవ మధ్యలో మాట్లాడకుండా లేచి వెళ్లిపోవడం మన కుటుంబాల్లో ఎన్నడూ జరగని పని కాబట్టి ఈ పద్ధతి వ్యాప్తిలోకి రాలేదు. కర్రకు గుడ్డపీలిక కట్టి, అన్నం వేళకు ముందు దాన్ని వేటాడించి, తర్వాత తిండి పెడితే, తిని, ఒళ్లు నాక్కుని, నిద్రపోతుంది. ఆట అయ్యాక దారాలు, పీలికలు తీసి దాచాలి, మింగితే పేగుల్లో చుట్టుకుంటాయి.

పన్ను దిగితే మాత్రం పసుపు, కాఫీపొడి అద్ది ఊరుకోకండి. సబ్బుతో కుళాయి కింద 15 నిమిషాలు కడిగి డాక్టరు దగ్గరకు వెళ్లండి. రేబిస్ కుక్కల సొత్తు మాత్రమే కాదు. పిల్లిపిల్లకు మూడు నెలలు నిండగానే టీకా వేయించండి.

ఇంతచేసినా మారకపోతే ఇంటి పెద్దల దగ్గర చివరి అస్త్రం ఉండనే ఉంది: గోనెసంచి, స్కూటరు. తీసుకెళ్లి ఊరవతల చేపల మార్కెట్ దగ్గర వదిలి వస్తారు. క్రూరత్వం కాదట. 'అక్కడైతే దానికి కావలసిన తిండి దొరుకుతుంది, హాయిగా బతుకుతుంది' అంటారు. పిల్లి ఏం తింటుందో ఆ ఇంట్లో అందరికీ మొదటినుంచీ తెలుసన్నమాట.