ఇఎక్స్‌ఇ చేసినంత మాత్రాన కోడ్ దాగదు

"పైథాన్ స్క్రిప్టును పైఇన్‌స్టాలర్‌తో ఇఎక్స్‌ఇ చేసేయండి. కోడ్ ఎవరికీ కనపడదు, వేగం పెరుగుతుంది, ఏ కంప్యూటర్‌లోనైనా నడుస్తుంది. యాంటీవైరస్ అడ్డొస్తే కాసేపు ఆపేయమనండి." పైథాన్ నేర్చుకునేవాళ్ల మధ్య ఈ సలహా ఏళ్లుగా తిరుగుతూనే ఉంది. పైఇన్‌స్టాలర్ అంటే పైథాన్ ప్రోగ్రాంను, డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకునే ఇఎక్స్‌ఇ ఫైలుగా మూటకట్టే పనిముట్టు. మొదటిసారి ప్రోగ్రాం అమ్మబోయే కుర్రాళ్లు దీన్ని నమ్మి దెబ్బతింటున్నారు. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

ముందు కోడ్ సంగతి. పైఇన్‌స్టాలర్ మీ స్క్రిప్టును మెషీన్ కోడ్‌గా మార్చదు. బైట్‌కోడ్‌గా (పైథాన్ తాను చదువుకోడానికి వాడే మధ్యరకం రూపంగా) మార్చి, దానికి ఆ బైట్‌కోడ్‌ను నడిపే పైథాన్ ఇంటర్‌ప్రెటర్‌నీ మీరు వాడిన లైబ్రరీలనీ జతచేసి, మూటను తెరిచి ప్రోగ్రాంను మొదలుపెట్టే, సీ భాషలో రాసిన చిన్న బూట్‌లోడర్‌ను ముందు తగిలించి మూట కడుతుంది. ఆ మూటలో ఏముందో చూపించే ఆర్కైవ్ వ్యూయర్‌ను పైఇన్‌స్టాలర్‌తో పాటే ఇస్తారు. విప్పడానికి బయట ఉచిత పనిముట్లూ ఉన్నాయి.

ఆమధ్య నాకు తెలిసిన కుర్రాడు కిరాణా కొట్ల కోసం రాసిన బిల్లింగ్ ప్రోగ్రాం పంపి, "అన్నా, ఇందులోంచి ఏమైనా తియ్యగలిగితే చెప్పు" అన్నాడు. మూట విప్పి, లోపలి బైట్‌కోడ్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. అర్థంకాని గుర్తుల మధ్య సర్వర్ చిరునామా, దాని పక్కనే డేటాబేస్ పాస్‌వర్డ్ అక్షరం పొల్లుపోకుండా కనపడ్డాయి. "తమ్ముడూ, ఇది నీదేనా?" అని పంపితే అటునుంచి చాలాసేపు జవాబు లేదు. బైట్‌కోడ్‌లో మీరు రాసుకున్న కామెంట్లు మాత్రమే పోతాయి. ఫంక్షన్ల పేర్లు, కొటేషన్ల మధ్య రాసిన మాటలు అలాగే ఉంటాయి.

"కీ పెట్టి ఎన్‌క్రిప్ట్ చెయ్యొచ్చుగా?" అనేవాళ్లు ఇంకా ఉన్నారు. పైఇన్‌స్టాలర్‌లో ఒకప్పుడు ఉన్న ఆ సదుపాయాన్ని 2023లో వచ్చిన 6.0 వెర్షన్‌లోనే తీసేశారు. ప్రోగ్రాం నడవాలంటే కీ కూడా ఆ ఇఎక్స్‌ఇలోనే ఉండాలి. తలుపుకి తాళం వేసి, తాళంచెవిని ఆ గొళ్లేనికే వేలాడదీస్తే ఏం లాభం? పాస్‌వర్డ్ లాంటివి అసలు కస్టమర్ కంప్యూటర్‌కి వెళ్లకూడదు. డేటాబేస్‌తో మాట్లాడే పని మీ సర్వర్ చెయ్యాలి.

వేగం పెరగదు. లోపల నడిచేది అదే ఇంటర్‌ప్రెటర్, అదే బైట్‌కోడ్. పైగా వన్‌ఫైల్ పద్ధతిలో, అంటే అంతా ఒకే ఇఎక్స్‌ఇ ఫైలుగా కడితే, తెరిచిన ప్రతిసారీ లోపలి ఫైళ్లన్నీ టెంప్‌లో (తాత్కాలిక ఫైళ్లు ఉండే చోట) ఒక కొత్త ఫోల్డర్‌లోకి విప్పుకోవాలి కాబట్టి మొదలవడమే ఆలస్యమవుతుంది. ఇక్కడ ఇంకో గొయ్యి ఉంది. ప్రోగ్రాం మూయగానే ఆ ఫోల్డర్ చెరిగిపోతుంది. స్క్రిప్టు ఉన్న చోటే బిల్లుల ఫైలు రాసేలా కోడ్ రాశారంటే, అది వెళ్లేది ఆ ఫోల్డర్‌లోకే. సాయంత్రం కొట్టు కట్టేసి ప్రోగ్రాం మూస్తే ఆ రోజు లెక్కంతా పోయినట్టే. డేటాను యూజర్ ఫోల్డర్‌లో దాచండి.

"ఏ కంప్యూటర్‌లోనైనా" అన్నదీ నిజం కాదు. విండోస్‌కి కావాలంటే విండోస్‌లోనే కట్టాలి, మ్యాక్‌కి మ్యాక్‌లోనే. పైథాన్ 3.9 నుంచి విండోస్ 7లో నడవదు, కాబట్టి దాంతో కట్టిన ఇఎక్స్‌ఇ కూడా ఆ పాత మెషీన్లలో తెరుచుకోదు. లినక్స్‌లో అయితే మీ ప్రోగ్రాం నడవాల్సిన వెర్షన్లలో అన్నిటికన్నా పాతదాని మీద కట్టడం క్షేమం.

యాంటీవైరస్‌ను ఆపమనడం నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే సలహా. అది మీ ప్రోగ్రాంను ఎందుకు అనుమానిస్తుంది? వైరస్‌లు రాసేవాళ్లూ ఇదే పైఇన్‌స్టాలర్ వాడతారు. వాళ్ల ఫైలులోనూ మీ ఫైలులోనూ ఉండే బూట్‌లోడర్ ఒకటే కావడంతో పోలిక దొరుకుతుంది. దానికి మందు మన చేతిలోనే ఉంది. వన్‌ఫైల్ బదులు ఫోల్డర్ పద్ధతిలో కట్టడం, బూట్‌లోడర్‌ను సోర్స్ నుంచి సొంతంగా కంపైల్ చేసుకోవడం, ఫైలు మీరే తయారుచేశారని చూపించే కోడ్ సైనింగ్ సర్టిఫికెట్ తీసుకోవడం, పొరపాటున పట్టుకున్నారని యాంటీవైరస్ కంపెనీకి ఫైలు పంపడం. వీటిలో ఏదీ వంద శాతం హామీ ఇవ్వదు, కానీ అనుమానాన్ని బాగా తగ్గిస్తాయి. మీ ప్రోగ్రాం కొన్న కొట్టాయన అదే కంప్యూటర్‌లో బ్యాంకు పనులూ చేసుకుంటాడు. మన మాట మీద ఆయన ఆపేసిన యాంటీవైరస్‌ను మళ్లీ ఎవరు ఆన్ చేస్తారు?