మైకు ముందు మారిపోయే మాట

వానకు పత్తి తడిసిన ఆదిలాబాద్ రైతు పక్క చేను మనిషితో 'పత్తంతా నల్లబడ్డది, అప్పెట్ల కట్టాలె' అంటాడు. అదే రైతు ముందు టీవీ మైకు పెడితే ఒక్కసారి గొంతు సవరించుకుని, 'అధిక వర్షాల వల్ల పంట నష్టపోవడం జరిగింది' అంటాడు. తన కష్టాన్నే ఎవరిదో వార్తలా చదువుతాడు. అలా మాట్లాడాలని అతనికి నేర్పింది మేమే. పత్రికలు, రేడియో, టీవీ అందరం కలిసి నేర్పాం.

'చేయడం జరిగింది' అనే ముక్క అధికారుల ప్రకటనల్లోంచి మా వార్తల్లోకి, అక్కణ్నుంచి ఇళ్లలోకి వచ్చేసింది. బడి స్టేజీ ఎక్కిన పిల్లలు కూడా 'నేను చెప్పాను' అనకుండా 'నేను చెప్పడం జరిగింది' అంటున్నారు. ఇది ఉత్త వ్యాకరణం గొడవ కాదు. 'లాఠీచార్జి చేయడం జరిగింది' అని రాస్తే లాఠీ ఎత్తమన్నది ఎవరో చెప్పే పని ఉండదు. 'కాలువ గండి పూడ్చకపోవడం జరిగింది' అంటే పూడ్చాల్సిన ఇంజినీరు వాక్యంలోంచి జారుకుంటాడు. ఆ వాక్యం బాధితుడి నోటికి అలవాటైతే నిలదీయాల్సిన మనిషి పేరే అతనికి గుర్తురాదు. మాకు బాధ కలిగిస్తున్నది ఇదే.

యాస సంగతీ అంతే. జనం మాట పుస్తకాల్లోకి రావాలని గిడుగు రామమూర్తి జీవితమంతా పోరాడారు. 1948లో విజయవాడ రేడియో కేంద్రం వచ్చింది, 1977లో హైదరాబాద్ దూరదర్శన్, తొంభైల్లో శాటిలైట్ చానెళ్లు. అందరూ వాడుక భాషే పట్టుకున్నారు. కాకపోతే అది ఎక్కువగా కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువరుల వాడుక. సీమలో ఎర్రగడ్డ, తెలంగాణలో ఉల్లిగడ్డ, మా ధరల పట్టికలో మాత్రం ఉల్లిపాయే. సినిమా ఇతర యాసల్ని చాలాకాలం కమెడియన్‌కో రౌడీకో అంటగట్టింది. దాంతో ఊరి నుంచి పట్నం హాస్టల్‌కు వచ్చిన పిల్లవాడు వారం తిరగకుండా అమ్మ మాట దాచుకోవడం నేర్చాడు.

తెలంగాణ ఉద్యమం ఈ అవమానాన్ని గట్టిగానే ప్రశ్నించింది. ఇప్పుడు కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9న అక్కడ భాషా దినోత్సవం జరుపుతున్నారు. కొన్ని చానెళ్లు తెలంగాణ మాటలో వార్తలు చెబితే జనం ఇష్టంగా చూశారు. కానీ బడ్జెట్, కోర్టు వార్తలకు మళ్లీ పాత భాషే. గిడుగు పుట్టిన సిక్కోలు మాటకైతే ఆ మాత్రం చోటూ లేదు.

టీవీ మిత్రులకు మా విన్నపం: మైకు పెట్టాక కాస్త ఆగండి. మొదటి రెండు వాక్యాలు మనం నేర్పినవే, అతని మాట ఆ తర్వాత వస్తుంది. మా డెస్కులకూ చెబుతున్నాం. రైతు ఉల్లిగడ్డ అంటే ఉల్లిగడ్డ అనే వేయండి. 'చేయడం జరిగింది' అని వార్త వస్తే, చేసిందెవరో విలేకరికి ఫోన్ చేసి కనుక్కున్నాకే పేజీలో పెట్టండి.