రాకీస్_ఫైనల్_ఫైనల్_3 గారికి బహిరంగ లేఖ

సర్రే, కెనడా,
శుక్రవారం, రాత్రి పదకొండున్నర

మహారాజశ్రీ ఎక్సెల్ షీట్ గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేం ఐదుగురం క్షేమం. తమరు కూడా ల్యాప్‌టాప్‌లోనూ, వాట్సాప్ గ్రూపులోనూ, ఫ్రిజ్ తలుపు మీద మాగ్నెట్ కింద ప్రింటవుట్ రూపంలోనూ క్షేమమని తలుస్తాను. తెల్లారితే ప్రయాణం. అమ్మ కలిపిన పులిహోర బేసిన్‌లో ఆరుతోంది. అందరూ పడుకున్నారు. నాకొక్కడికే నిద్ర పట్టక, ఐదు నెలలుగా కడుపులో దాచుకున్న నాలుగు మాటలు తమరితో చెప్పుకుందామని కూర్చున్నాను.

తమరు పుట్టింది మార్చిలో, ఒకే ఒక్క గడితో. "అమ్మావాళ్ళు వచ్చినప్పుడు రాకీస్?" అని మా ఆవిడ టైపు చేసింది. రాకీస్ అంటే ఇక్కడి పెద్ద కొండల వరస. ఆ ప్రశ్నార్థకం కూడా తనదే. ఇప్పుడు తమరికి ఆరు ట్యాబులు, పదిహేను నిలువు వరసలు, రెండు వందల పైచిలుకు అడ్డ వరసలు. ఆకుపచ్చ అంటే బుక్ అయింది. పసుపు అంటే చూడాలి. ఎరుపు అంటే ఇంట్లో గొడవ. మా పెళ్ళికి మా మామగారు రాసిన లెక్క రెండు వందల పేజీల నోట్‌బుక్‌లో సగం కూడా దాటలేదు.

కెనడా వచ్చి ఆరేళ్ళయినా మేం కారులో వెళ్ళిన మహాదూరం విస్లర్. పొద్దున వెళ్ళి, రాత్రికి ఇంటికొచ్చి చారన్నం తిన్నాం. అలాంటి వాళ్ళని పట్టుకుని తమరు మొదటి అవతారంలో ఏం రాశారో గుర్తుందా? "శనివారం: సర్రే నుంచి బాన్ఫ్. 8 గం. 40 ని." బాన్ఫ్ ఆ రాకీస్‌లో ఉన్న ఊరు. ఎనిమిది వందల కిలోమీటర్ల పైనున్న కొండదారికి ఒకే ఒక్క గడి! హైదరాబాద్ నుంచి వైజాగ్ వెళ్ళినా ఇంకా తక్కువే. రెండు తెలుగు రాష్ట్రాలనూ కలిపి మూడుసార్లు పక్కపక్కన పరిచినా మేం ఉండే ఈ బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో ఇంకా చోటు మిగులుతుంది. తమరి గడి వెడల్పు మాత్రం ఒకటిన్నర అంగుళం.

ఆ 40 నిమిషాలు ఎక్కడివని అడిగితే ఫార్ములా అన్నారు. ఆ ఫార్ములాలో మా అమ్మ మోకాళ్ళు లేవు, నాన్న షుగర్ లేదు. తొమ్మిదేళ్ళ పిల్ల ప్రతి నలభై నిమిషాలకీ "ఇంకా ఎంతసేపు?" అనడం లేదు. బాత్రూమ్‌కి తమరు కేటాయించింది ఐదు నిమిషాలు. మా ఇంట్లో ఆ ఐదు నిమిషాలూ చెప్పుల పట్టీ పెట్టుకోవడానికే చాలవు.

తమరికి మొగుడు దొరికింది జులైలో, మా నాన్న దిగాక.

నాన్న ముప్పై ఏళ్ళు మార్కాపురం డిపోలో బస్సు నడిపాడు. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కడం దిగడం ఆయనకి మనం లిఫ్టు ఎక్కినంత పని. వచ్చిన మూడో రోజు ఫ్రిజ్ మీది నుంచి ప్రింటవుట్ పీకి, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, వేలు పెట్టి ఒక్కొక్క వరసా చదివాడు. అరగంట ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకే ప్రశ్న.

"ఒరే, ఈ హోప్‌కీ మెరిట్‌కీ మధ్య బంకు ఎక్కడుందిరా?"

"చూడాలి నాన్నా."

చూశాను. లేదు. దాదాపు 120 కిలోమీటర్లు, మధ్యలో 1,244 మీటర్ల ఎత్తుకి ఎక్కి దిగే కోకిహాలా హైవే, నడుమ ఒక్క పెట్రోలు బంకు లేదు. తమరి పద్నాలుగు వరసల్లో "ఫొటో యాంగిల్" అని ఒక వరస ఉంది. "ఏ రంగు డ్రెస్" అని ఇంకొకటి ఉంది. "బంకు" లేదు. ఆ రాత్రే పదిహేనో వరస పెట్టాం. నాన్న అక్కడితో ఆగలేదు. లేక్ లూయిస్ నుంచి జాస్పర్ వైపు వెళ్ళే ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే మీద వేలు పెట్టాడు. దాదాపు 230 కిలోమీటర్లు. బంకు ఒకటే, మూడో వంతు దారి వెళ్ళాక సస్కాచెవాన్ క్రాసింగ్ దగ్గర. దారిలో చాలా మేర ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. తమరు మాత్రం అక్కడ "లైవ్ వీడియో కాల్, మా పిన్నివాళ్ళకి" అని ఆకుపచ్చ రంగు వేసి కూర్చున్నారు.

కోకిహాలాని నాన్న మొదటి రోజు నుంచీ "కోకిలా రోడ్డు" అనే అంటాడు. అందులో స్పీడు పరిమితి 120 అని చెప్తే నమ్మలేదు. "ఘాట్‌లోనా?" అన్నాడు. బ్రేకులు పోయిన లారీలు ఎక్కి ఆగడానికి రోడ్డు పక్కనే కంకర పోసిన దారులుంటాయని వీడియో చూపించాను. మూడుసార్లు చూశాడు. ఆయనకి ఈ ప్రయాణం మీద ఇష్టం పుట్టింది అప్పుడే. తమరిలో ఉన్న పద్దెనిమిది సరస్సుల్లో ఒక్కదాన్ని చూసి కూడా ఆయన ముఖం అలా వెలగలేదు.

ఆ మర్నాడే ఆయన పెన్ను తీసుకుని మొదటి రోజుని రెవెల్‌స్టోక్ అనే ఊరి దగ్గర కొట్టేశాడు. "ఇక్కడ పడుకుందాం. చీకట్లో కొత్త ఘాట్ ఎక్కకూడదు." అయిపోయింది. తమరి రంగులన్నీ ఒక్క నీలం గీతకి లొంగిపోయాయి. రెవెల్‌స్టోక్‌కి ముందు క్రెయిగెల్లాకీ అనే చోటు ఉంది. దేశం ఈ చివర నుంచి ఆ చివర వరకూ వేసిన రైలుమార్గానికి 1885 నవంబరు 7న ఆఖరి మేకు కొట్టింది అక్కడే. దానికి తమరిచ్చింది సున్నా నిమిషాలు. నాన్న పక్కన "అరగంట, టీ" అని రాశాడు.

ఇక డబ్బు సంగతి. బాన్ఫ్‌లో ఆగస్టులో ఒక రాత్రికి ఆరు వందల డాలర్లు అని తమరు చెప్పినప్పుడు అమ్మ మనసులో అరవైతో గుణించింది. పెదాలు కదలడం నేను చూశాను. "ముప్పయ్యారు వేలా! మంచం మన పేరున రాసిస్తారా?" అంది. అందుకే బాన్ఫ్‌కి ముందొచ్చే గోల్డెన్ అనే ఊళ్ళో గది. జాస్పర్ అయితే ఎప్పుడో వదులుకున్నాం. 2024 జులైలో కార్చిచ్చు వచ్చి ఆ ఊళ్ళో మూడో వంతు కట్టడాలు కాలిపోయాయి, దొరికే గదులూ తక్కువే. కొలంబియా ఐస్‌ఫీల్డ్ అనే మంచుమైదానం దాకా వెళ్ళి వెనక్కి తిరుగుతాం. ఆగస్టు అంటే ఇక్కడ పొగల నెల కూడా. ఏ రోజు ఏ కొండ కనిపిస్తుందో, ఏ రోజు మబ్బో పొగో తెలియని బూడిదరంగు మిగులుతుందో ఎవరి చేతిలోనూ లేదు. అందుకని తమరిలో "ప్లాన్ బి" అని ఆరో ట్యాబు తెరిచాం. ఇవాళ్టికీ అందులో ఉన్నది "ప్లాన్ బి" అన్న శీర్షిక ఒక్కటే, అదీ బోల్డ్‌లో.

మూడు కుటుంబాలకి తమరిని చూపించడం నా తప్పే. ఎడిట్ యాక్సెస్ ఇవ్వడం ఇంకా పెద్ద తప్పు. ఒకాయన లేక్ లూయిస్ పక్కన "తెల్లవారుజామున 4కి పార్కింగ్‌లో ఉండకపోతే వెళ్ళడం వేస్ట్" అని రాశాడు. ఇంకొకాయన దాని కిందే "మేం 11కి వెళ్ళాం, దొరికింది" అని రాశాడు. మూడో ఆవిడ ఎక్కడిదో చలికాలం చెక్‌లిస్టు తెచ్చి అతికించింది. దాని పుణ్యమా అని ఆగస్టు ప్రయాణానికి టైరు గొలుసులు, మంచు గీకే బ్రష్ సామాన్ల జాబితాలోకి వచ్చాయి. బ్రష్ నిజంగానే డిక్కీలో ఉంది. తీద్దామంటే "ఉండనీ, ఏం తింటోంది?" అంటుంది అమ్మ.

ఎలుగుబంటి వరస గురించి వేరే చెప్పాలా? సోమవారం, "ఎలుగుబంటి: 4:10 నుంచి 4:20." తిరుమల దర్శనం టికెట్టు మీద కూడా ఇంత కచ్చితంగా రాయరు. అది రాసింది మా అమ్మాయి, నిజమే. దాన్ని చూసి తదుపరి మజిలీని 4:20కి మొదలుపెట్టింది మాత్రం తమరే. ఎలుగుబంటికి కనీసం వంద మీటర్ల దూరంలో ఉండాలని ఇక్కడి పార్కుల నియమం. వంద మీటర్లంటే ఎంతో అందరికీ అర్థం కావడానికి పది బస్సుల పొడవు అని చెప్తారు. నాన్నకి ఈ దేశంలో వెంటనే అర్థమైన కొలత ఇదొక్కటే. "పది బస్సులు బంపర్‌కి బంపర్ పెట్టినట్టు" అని అమ్మకి విడమరిచి చెప్పాడు. అమ్మ అనుమానం వేరు. "దానికి ఆవకాయ వాసన తెలుస్తుందా?" తెలుస్తుందనే చెప్పాలి. జాడీ గదిలోనో, తలుపులు బిగించిన కారులోనో ఉండాలి, బయట బల్ల మీద వదలకూడదు. ఇదీ తమరిలో లేదు.

ఇన్నీ మన్నించగలను. 97వ వరసని మన్నించలేను.

మొరైన్ లేక్. పాత ఇరవై డాలర్ల నోటు వెనక ఉండేది ఆ సరస్సే, చుట్టూ పది శిఖరాలు. 2023 నుంచి ఆ రోడ్డు మీదికి సొంత కార్లని రానివ్వడం లేదు. షటిల్ బస్సులో వెళ్ళాలి, దానికి ముందే సీటు కొనుక్కోవాలి. సీట్లలో కొన్ని వసంతంలో ఒకేసారి వదులుతారు. మిగతావి ప్రయాణానికి రెండు రోజుల ముందు, ఉదయం ఎనిమిదింటికి. తమరి గడిలో ఏముంది? "బుకింగ్ ఓపెన్, ఉ. 8:00." ఎవరి ఎనిమిది? తమరు చెప్పలేదు. మేమూ అడగలేదు.

వసంతపు సీట్లు వదిలిన పొద్దున నేను ఆఫీసు మీటింగు వాయిదా వేయించుకున్నాను. మా ఆవిడ ఫిల్టర్ కాఫీ కలిపింది. రెండు ల్యాప్‌టాపులు, క్రెడిట్ కార్డు బోర్లా కాకుండా వెల్లకిలా, అంకెలు కనిపించేలా. ఏడూ యాభైకి సైటు తెరిచాం, ఎనిమిది కాగానే లోపలికి దూకుదామని. తీరా చూస్తే మా ముందు వేలమంది వరసలో ఉన్నారు. ఎనిమిది కాకుండానే ఇంతమంది ఎక్కణ్ణుంచి వచ్చారా అని ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. బాన్ఫ్ ఉన్నది పక్క రాష్ట్రం అల్బర్టాలో. అక్కడి గడియారం మాకంటే గంట ముందు. మేం కాఫీ ఊదుకుంటున్నప్పుడు అక్కడ తొమ్మిది కావస్తోంది. మా వంతు వచ్చేసరికి మాకు కావాల్సిన రోజు అంతా బూడిదరంగు, అంటే సీట్లు ఖాళీ. కాఫీ మీద మీగడ కట్టింది.

ఆ తర్వాత తమరిలో ఇంకో రంధ్రం బయటపడింది. గడియారం మారేది రాష్ట్ర సరిహద్దులో కూడా కాదు. రెవెల్‌స్టోక్ దాటి, రోజర్స్ పాస్ అనే కనుమ పరిసరాల్లోనే, ఇంకా బ్రిటిష్ కొలంబియాలో ఉండగానే మారిపోతుంది. ఆదివారం రెవెల్‌స్టోక్‌లో తొమ్మిదింటికి బయల్దేరి 10:45కి గోల్డెన్ చేరతామని తమరు రాశారు. చేరేసరికి గోల్డెన్‌లో 11:45. ఆ గంట ఎక్కడ పోయింది? ఎమరాల్డ్ లేక్ దగ్గర పెరుగన్నం తినాల్సిన గంట అది. "కొండ మింగింది" అన్నాడు నాన్న. మా అమ్మాయి కిటికీ పక్క సీట్లో కూర్చుని ఆ గంట పోయే చోటు కనిపెడతానంటోంది.

పరిస్థితి ఇదీ. సోమవారం మొరైన్ లేక్‌కి మిగిలిన సీట్లు శనివారం, అంటే రేపు వదులుతారు. వాళ్ళ ఎనిమిది, మన ఏడు. రాహుకాలం తొమ్మిదికి కాబట్టి ముందే ఇల్లు దాటాలని నాన్న పట్టు. ఐదున్నరకి స్టార్ట్ చేస్తానని మాటిచ్చాను. ఐదున్నరకి బయల్దేరితే ఏడింటికి ఎక్కడుంటాం? లెక్క వేశాను, తమరి సాయం లేకుండా, పులిహోర బేసిన్ పక్కన కూర్చుని, కిరాణా బిల్లు వెనక. హోప్. ఊరి పేరే ఆశ. అది దాటితే కోకిలా రోడ్డు, కొండల నడుమ సిగ్నల్ ఉంటుందో ఊడుతుందో చెప్పలేం.

కాబట్టి తమరి నుదుట చివరిసారిగా ఒక వరస చేరుస్తున్నాను. రంగు మాత్రం వేయడం లేదు.

"6:50, హోప్. బంకులో ట్యాంకు నింపాలి. కారు పక్కకి ఆపాలి. నాలుగు ఫోన్లు, ఒక ట్యాబ్, ఐదుగురికీ ఒకే పాస్‌వర్డ్. అమ్మకి ఈలోపు రిఫ్రెష్ బటన్ ఎక్కడుందో చూపించాలి."

ఇట్లు,
తమరి ఓనరు, డ్రైవరు